పాత స్విఫ్ట్‌కి ఇంట్లోనే సర్వీసింగ్: ఏది మనం చేస్కోవాలి, ఏది మెకానిక్‌కి వదిలేయాలి

వారంటీ దాటిన పెట్రోలు కారు ఉండి, ఇంటి ముందు కారు పట్టేంత చదునైన జాగా ఉంటే ఏడాదికోసారి చేయించే మామూలు సర్వీసింగ్‌లో ముప్పావు వంతు పని మీరే చేస్కోవచ్చు, ఇందులో పెద్ద విద్యేమీ లేదు, కావాల్సింది ఓపిక, నాలుగు మంచి పానాలు, ఒక ఆదివారం పొద్దున. నేను మారుతి స్విఫ్ట్ పెట్రోలు బండిని పట్టుకుని చెప్తున్నా, 2011 తర్వాత వచ్చిన కే12 ఇంజనుది. మన వీధుల్లో ఎక్కువ కనపడే బండ్లలో అదొకటి, పైగా అదే ఇంజను డిజైర్లో, రిట్జ్‌లో, బలెనోలో కూడా వచ్చింది కాబట్టి చాలామందికి పనికొస్తది. వేరే కారైనా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మీ ఓనర్ మాన్యువల్లో చూస్కోవాలి.

డబ్బులు మిగుల్తాయి నిజమే. బిల్లులో ఇంజన్ ఫ్లష్ అని, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అని, ఏసీ డిసిన్ఫెక్షన్ అని మనం అడక్కుండానే చేరే లైన్లన్నీ పోతాయి. కానీ నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం డబ్బు కాదు. సర్వీసింగ్ అంటే సగం ఆయిల్ మార్చడం, మిగతా సగం బండిని కింద నుంచి పైదాకా కళ్ళతో చూడటం. రోజుకి పదుల కార్లు వచ్చే చోట ఆ రెండో సగానికి ఎవరికీ టైం ఉండదు, వాళ్ళ తప్పని కూడా అనలేం. మన బండి దగ్గర మనకి టైం ఉంటది. చీలుతున్న రబ్బరు బూటు, తడిగా కనపడే గొట్టం, ఒక పక్కే అరిగిన టైరు, ఇవన్నీ వందల్లో పోయే దశలోనే కనపడతాయి, చూసేవాడు ఉంటే.

ఒక ముఖ్యమైన మాట, వారంటీ ఇంకా నడుస్తుంటే మాత్రం ఈ పని పెట్టుకోకండి. వారంటీ షరతుల్లో షెడ్యూల్ ప్రకారం కంపెనీ వర్క్‌షాప్‌లో సర్వీసింగ్ చేయించాలని రాసుంటది, రేపు ఏదైనా పెద్ద క్లెయిమ్ వస్తే ముందు ఆ రికార్డే అడుగుతారు. టైర్ల గాలి, బ్యాటరీ టెర్మినల్స్, వైపర్లు లాంటివి చూస్కోండి చాలు.

జాగా, జాకీ, ప్రాణం

అపార్టుమెంట్ సెల్లార్లో చేస్కునేవాళ్ళు ముందు అసోసియేషన్ వాళ్ళకి ఒక మాట చెప్పండి, కింద పాత ఫ్లెక్సీ బ్యానర్ పరిచి దాని మీద అట్టలు వేస్తే నేల మీద చుక్క పడదు. ఇంటి గేటు ముందు వాలుగా ఉండే ర్యాంపు మీద మాత్రం వద్దే వద్దు, మట్టి నేల మీద కూడా వద్దు. సిమెంటు గచ్చు ఉండాలి, చదునుగా ఉండాలి.

ఇప్పుడు చెప్పేది పూర్తిగా చదవండి. డిక్కీలో స్టెప్నీతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాని మీద ఆనించిన బండి కిందకి తల కాదు కదా చెయ్యి కూడా ఎక్కువసేపు పెట్టకూడదు. లేపిన బండి బరువు మోసే జాకీ స్టాండ్లు రెండు కొనుక్కోండి, 2 టన్నుల స్టాండ్లు స్విఫ్ట్ లాంటి టన్ను లోపు బండికి ధారాళంగా సరిపోతాయి. హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేరులో పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, అప్పుడు ముందు భాగం లేపి స్టాండ్లు పెట్టాలి. స్టాండు ఎక్కడ పెట్టాలో డోరు కింద అంచుకి గాట్లు ఉంటాయి, మాన్యువల్లో బొమ్మ కూడా ఉంటది, అక్కడే పెట్టాలి. పెట్టాక బండిని పక్కల నుంచి గట్టిగా ఊపి చూడండి. ఊగితే దించి మళ్ళీ మొదట్నుంచి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్ల బదులు పెట్టేవాళ్ళున్నారు, అవి ముందు చెప్పకుండా ఒక్కసారిగా పగుల్తాయి, దయచేసి ఆ పని చెయ్యకండి. ఇంకో మనిషి ఇంట్లో ఉన్నప్పుడే బండి కిందకి దూరండి.

సామాన్లు

మంచి సాకెట్ సెట్టు ఒకటి, రింగు పానాలు, ఆయిల్ ఫిల్టర్ విప్పే పానా, 16 సైజు స్పార్క్ ప్లగ్ సాకెట్ పొడవాటి ఎక్స్‌టెన్షన్‌తో, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), 5 లీటర్లు పట్టే వెడల్పు టబ్బు, గరాటు, వోల్టులు కొలిచే మల్టీమీటరు, నైట్రైల్ గ్లౌజులు, పాత బనియన్ గుడ్డలు. హైదరాబాద్‌లో అయితే రాణీగంజ్ వైపు, బెజవాడలో అయితే ఆటోనగర్లో ఇవన్నీ దొరుకుతాయి. మిగతా వాటిల్లో ఎక్కడైనా తగ్గండి గానీ టార్క్ రెంచి దగ్గర తగ్గకండి, ఎందుకంటే కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా పాడుచేసేది బోల్టులు సరిపోను బిగించక కాదు, అతిగా బిగించి మర చుట్లు పోగొట్టడం వల్ల.

ఆయిలు కొనేటప్పుడు మాన్యువల్లో ఏ గ్రేడు రాసుందో అదే తీస్కోండి. ఈ బండ్లకి 0డబ్ల్యూ-20 గానీ 5డబ్ల్యూ-30 గానీ రాసుంటది, మీ సంవత్సరం మోడల్‌ని బట్టి. మన ఎండలకి చిక్కటి ఆయిలే మంచిదని 20డబ్ల్యూ-50 పోసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, పాత అంబాసిడర్ల రోజుల్లో ఆ మాట నడిచింది గానీ ఈ ఇంజన్లలో వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ అనేది ఆయిలు ప్రెషరుతోనే పనిచేస్తది, ఆయిలు పోయే దారులు సన్నగా ఉంటాయి, చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైదాకా చేరడం ఆలస్యమైతది. ఫిల్టరుతో కలిపి ఈ ఇంజనుకి 3 లీటర్లకి కాస్త అటూ ఇటూ పడుతుంది కాబట్టి 3.5 లీటర్ల క్యాను సరిపోతది. ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఎయిర్ ఫిల్టరు కంపెనీ జెన్యూన్ పార్ట్స్ కౌంటర్లోనే బిల్లుతో తీస్కోండి. నకిలీ ఫిల్టర్లు డబ్బా మీద ముద్రతో సహా అచ్చం అలానే ఉంటాయి, లోపల కాగితం మాత్రం నాసిరకం. ఎప్పటికన్నా మరీ తక్కువకి ఇస్తున్నారంటే అక్కడే అనుమానించండి.

ఆయిల్ మార్చడం

బండిని ఒక రెండు మూడు కిలోమీటర్లు తిప్పి తీసుకురండి, ఆయిలు గోరువెచ్చగా అయితే పల్చబడి మురికితో సహా దిగిపోతది. మరీ కాగిపోయి ఉంటే చేతులు కాల్తాయి, ఒక పావుగంట ఆగి మొదలుపెట్టండి. బానెట్ ఎత్తి పైన ఆయిల్ పోసే మూత విప్పి పక్కన పెట్టండి, గాలి ఆడితే కింద నుంచి ధారగా వస్తది. మూత తీసే ఉంది కాబట్టి కొత్త ఆయిలు పోయకుండా బండి స్టార్ట్ చేసే పొరపాటు కూడా జరగదు.

బండి లేపి స్టాండ్ల మీద పెట్టాక కింద ఆయిలు నిలిచే చాంబరుకి ఉన్న డ్రెయిన్ బోల్టు (పాత ఆయిలు దించే బోల్టు) కనపడుతది. పక్కనే గేర్‌బాక్సు ఉంటది, దానికీ డ్రెయిన్ బోల్టు ఉంటది, తొందర్లో దాన్ని విప్పేసి గేరాయిలు కార్చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు, అందుకే విప్పే ముందు ఆ చాంబరు ఇంజనుదా కాదా అని పైకి చూసి ఖాయం చేస్కోండి. రింగు పానా గానీ సాకెట్ గానీ వాడండి, ఓపెన్ పానా జారి బోల్టు మూలలు తినేస్తది. కింద నుంచి చూస్తూ ఎడమ వైపుకి తిప్పితే వదులైతది. ఒక్కసారి వదులయ్యాక మిగతాది చేత్తోనే, బోల్టుని పైకి నొక్కి పట్టి ఉంచి తిప్పుతూ ఉండాలి, చుట్లన్నీ అయిపోయాయని వేళ్ళకి తెలుస్తది, అప్పుడు ఒక్క ఉదుటున పక్కకి లాగేయాలి. అలా నొక్కి పట్టకపోతే చివరి రెండు చుట్ల దగ్గరే సందుల్లోంచి ఆయిలు కారి మోచేయి దాకా దిగుద్ది, బోల్టు టబ్బులో పడుద్ది. మొదటి ధార టబ్బు అంచు దాకా దూరంగా పడి, తగ్గేకొద్దీ దగ్గరకొస్తది, టబ్బుని దాన్ని బట్టి జరపండి.

కారే ఆయిల్ని చూడండి. నల్లగా ఉండటం మామూలే, కంగారొద్దు. వెలుతురులో లోహపు రజను మెరుస్తుంటే, లేదా పాలు కలిసిన టీ రంగులో ఉంటే మాత్రం అక్కడితో ఆపి మెకానిక్‌కి చూపించాలి, రెండోది ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్లో కలుస్తుందని అర్థం.

చుక్క చుక్కగా పడే దాకా ఓ పావుగంట వదిలేయండి. తర్వాత బోల్టు తుడిచి, పాత వాషరు తీసేసి కొత్తది వేసి, ముందు చేత్తో పూర్తిగా ఎక్కించి, ఆఖర్న టార్క్ రెంచి. ఈ ఇంజనుకి బిగింపు లెక్క 35 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటది, మీ మాన్యువల్‌తో సరిచూస్కోండి. చేత్తో ఎక్కనంటుందంటే చుట్లు అడ్డంగా కూర్చున్నాయని అర్థం, విప్పి మళ్ళీ ఎక్కించండి, బలం పెట్టకండి.

ఫిల్టరు విప్పాక ఒక్క పని మర్చిపోకండి, పాత ఫిల్టరు అంచున రబ్బరు రింగు దాంతోనే వచ్చిందా లేదా చూడండి. ఒక్కోసారి అది ఇంజనుకే అంటుకుపోయి ఉండిపోతది, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడి, స్టార్ట్ చేసిన కాసేపటికి ప్రెషరుకి తన్నుకుని ఆయిలంతా రోడ్డు పాలైతది, చూస్కోకుండా నడిపితే ఇంజను పోతది. వేలు పెట్టి ఆ గుండ్రటి చోటంతా తుడిచి చూడండి. కొత్త ఫిల్టరు రబ్బరుకి కొత్త ఆయిలు వేలితో రాసి, చేత్తో తిప్పుకుంటూ వెళ్ళి, రబ్బరు ఇంజనుకి తగిలిందని తెలిశాక ఇంకో ముప్పావు తిప్పు. అంతే, పానాతో దంచాల్సిన పని లేదు.

స్టాండ్లు తీసి బండి దించి, పైనుంచి గరాటుతో ముందు 2.8 లీటర్ల దాకా పోయండి. ఆయిలు ఎంతుందో చూపే గేజి కడ్డీ చూసి కొంచెం కొంచెం కలపండి. మూత పెట్టి స్టార్ట్ చేస్తే ఎర్ర ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆరితే ఒక నిమిషం నడవనిచ్చి, ఆపి, కింద ఫిల్టరు దగ్గరా బోల్టు దగ్గరా టార్చి వేసి తడి ఉందేమో చూసి, ఐదు నిమిషాల తర్వాత కడ్డీ మళ్ళీ చూడండి. పై గీతకి కొంచెం కిందగా ఉంటే చాలా బాగున్నట్టు. పై గీత దాటించడం మేలు చేసినట్టు కాదు, ఇంజను లోపల తిరిగే క్రాంకు తగిలి నురగ కడతది, నురగకి పట్టు ఉండదు.

ఫిల్టర్లు, ప్లగ్గులు

ఎయిర్ ఫిల్టరు చాలా తేలిక, క్లిప్పులు తీసి మార్చడమే. శుభ్రం చేస్కోవాలంటే గాలి లోపలి శుభ్రమైన వైపు నుంచి బయటికి కొట్టాలి, నీళ్ళతో కడగొద్దు. మన దగ్గర దుమ్ము ఎక్కువ, కంకర రోడ్ల మీద, క్వారీల వైపు తిరిగే బండి అయితే బుక్కులో చెప్పినదానికన్నా ముందే మార్చేయండి. ఏసీ ఫిల్టరు గ్లోవ్ బాక్సు వెనక ఉంటది, కొన్ని వేరియంట్లకి కంపెనీ నుంచి ఫిల్టరు పెట్టి ఉండదు గానీ ఖాళీ గాడి ఉంటే విడిగా కొని పెట్టుకోవచ్చు.

ప్లగ్గులకి ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి, హెడ్డు అల్యూమినియంది కాబట్టి వేడి మీద విప్పితే చుట్లు లేచి వస్తాయి. ఒక్కో ప్లగ్గు మీద దానికి కరెంటిచ్చే కాయిలు ఒక్కోటి ఉంటది, 10 పానాతో విప్పే బోల్టు. కాయిలు తీశాక గుంటలో దుమ్ము ఉంటే ముందు గాలితో ఊదేయండి, లేకపోతే ప్లగ్గు తీయగానే అదంతా సిలిండర్లో పడుతది. ఒక్కోటే తీసి ఒక్కోటే పెట్టండి. ప్లగ్గు మొన బిస్కెట్ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ మండుతుంది, ఎయిర్ ఫిల్టరు కూడా చూడండి. ఆయిలు తడి ఉంటే లోపలికి ఆయిలు దిగుతున్నట్టు, అది మెకానిక్ పని. కొత్తది ఎక్స్‌టెన్షన్‌కి పెట్టి వేళ్ళతోనే ఎక్కించి, వాషరు తగిలాక సుమారు అర తిప్పు. మామూలు నికెల్ ప్లగ్గులైతే 40,000 కిలోమీటర్లకి మార్చేయడం మంచిది.

అన్నట్టు ఈ ఇంజనుకి టైమింగ్ బెల్టు లేదు, చైను ఉంటది, కాబట్టి బెల్టు మార్చాలని ఎవరైనా చెప్తే ఏ బెల్టు అని అడగండి. బయట తిరిగే ఆల్టర్నేటరు (బ్యాటరీని ఛార్జ్ చేసేది) బెల్టు వేరు, దాని మీద పగుళ్ళున్నాయేమో మీరే చూడొచ్చు.

బ్యాటరీ, కూలెంటు

బ్యాటరీ మన ఎండలకి తొందరగా చస్తది. రాత్రంతా ఆగిన బండి మీద పొద్దున మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, రాకపోతే లోపం బ్యాటరీలో కాదు, ఛార్జింగ్‌లో. ఈ రెండో లెక్క చూడకుండానే కొత్త బ్యాటరీ కొనేసి, నెలకి అదీ డౌన్ అయితే బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటారు జనం. టెర్మినల్స్ మీద తెల్లగా నీలంగా పేరుకున్నది వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ ఆఖర్న.

కూలెంటు డబ్బా మీద రెండు గీతల మధ్య ఉంటే చాలు. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి, లోపల ప్రెషరుంటది, మొహం కాల్తది. తగ్గితే రెడీమిక్స్ కూలెంటే పోయండి, బోరు నీళ్ళు వద్దు. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, గీజరు రాడ్డుకి తెల్లగా పట్టేది రేడియేటర్ సన్న గొట్టాల్లో పడితే అంతే సంగతులు. మాటిమాటికీ తగ్గుతుందంటే ఎక్కడో లీకుంది, పోసుకుంటూ పోవడం పరిష్కారం కాదు.

చక్రాలు విప్పి చూడాల్సినవి

చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే వదులు చేసి, తర్వాత లేపాలి. చక్రం తీశాక బ్రేక్ ప్యాడ్ మందం చూడండి, లోపలి ప్యాడూ బయటి ప్యాడూ రెండూ చూడాలి, బయటిది బాగానే ఉండి లోపలిది రేకు దాకా అరిగిపోయి ఉండటం మామూలుగా జరిగేదే, ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపర్ పిన్నులు పట్టేసినప్పుడు అలా అవుతది. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చే టైం వచ్చినట్టు. ప్యాడ్లు మార్చడం కష్టమేం కాదు గానీ మొదటిసారి తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకునే చెయ్యండి, కాలిపర్ని బ్రేక్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టి ఉంచండి, అంతా బిగించాక బండి కదిపే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. మొదటి తొక్కుకి పెడల్ నేలదాకా పోతది, అది గేటు బయట రోడ్డు మీద తెలియకూడదు.

బ్రేక్ ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటది, రెండేళ్ళకోసారి మార్పించాలి. లెవెల్ చూడటం మీ పని, మార్చి బ్రేక్ గొట్టాల్లోని గాలి తీయడం మెకానిక్ పని. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు పట్టేయకుండా చూసేది) ఉన్న బండ్లకి అయితే అస్సలు ప్రయోగాలొద్దు.

అక్కడే కూర్చుని యాక్సిల్ బూటు చూడండి, చక్రం వెనక మడతలు మడతలుగా ఉండే నల్ల రబ్బరు. మడతల మధ్య వేలు పెట్టి విప్పి చూస్తే సన్న చీలిక కనపడుద్ది, చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే ఇప్పటికే చిరిగినట్టు. ఈ దశలో బూటు మార్చి గ్రీజు పెడితే అయిపోతది, వదిలేస్తే దుమ్ము, వాన నీళ్ళు చేరి జాయింటే పోయి మలుపుల్లో కటకట శబ్దం మొదలైతది, అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు. షాక్ అబ్జార్బర్ మీద ఆయిలు జిడ్డు, పెట్రోలు గొట్టాల దగ్గర తడి గానీ వాసన గానీ ఉందేమో కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత మోడళ్ళ రబ్బరు దాన్ని ఉద్దేశించి చేసింది కాదు, అందుకే ఈ ఒక్కటీ నేను ఎవరికైనా తప్పనిసరిగా చూడమనే చెప్తా.

టైరు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న లెక్క ప్రకారం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టం ప్రకారమే పనికిరాదు, వానాకాలానికైతే అంతకు ముందే మార్చేయాలి. ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ చేయించండి, అది మిషను ఉన్నచోటే అయ్యే పని.

క్లచ్, సస్పెన్షన్ స్ప్రింగులు, స్టీరింగ్, ఏసీ గ్యాసు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు (పసుపు రంగు తొడుగులో ఉంటాయి), వీటి జోలికి ఇంట్లో వెళ్ళకండి. పది నిమిషాల వీడియో చూసి స్ప్రింగు విప్పడానికి కూర్చోవద్దు, నొక్కి పట్టిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు. నమ్మకమైన మెకానిక్ అన్న ఒకరితో పరిచయం ఎప్పుడూ ఉంచుకోండి, మీరు చూసి కనిపెట్టింది చెప్తే ఆయనకీ పని సులువు.

పాత ఆయిలు

కాలవలో పొయ్యొద్దు, చెట్ల మొదట్లో వద్దు, చెదలు పోతాయని చెక్కలకి రాయొద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థమే, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే చేరాలి. కొత్త ఆయిలు వచ్చిన క్యాన్లోనే పాతది నింపి మూత బిగించి, ఆయిలు పోగుచేసి రీసైక్లర్లకి ఇచ్చే వర్క్‌షాప్‌లో ఇవ్వండి, ఎవరికి ఇస్తున్నారని ముందు అడిగి మరీ ఇవ్వండి. ఫిల్టర్ని రాత్రంతా బోర్లించి కార్చి దాంతో పాటే ఇచ్చేయండి.

అదే రోజు ఒక నోటు పుస్తకంలో తేదీ, రీడింగు, ఏం మార్చారు, ఏ గ్రేడు ఆయిలు, ప్యాడ్ల మందం, బ్యాటరీ వోల్టులు రాసి, బిల్లులు అదే పుస్తకంలో అంటించండి. బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకం చూపిస్తే కొనేవాళ్ళకి నమ్మకం కుదురుతది, పైగా పోయినేడాది 7 మిల్లీమీటర్లున్న ప్యాడ్ ఈ ఏడు 5 అయిందంటే ఇంకా ఎన్నాళ్ళొస్తుందో మీకే లెక్క తెలుస్తది. మర్నాడు పొద్దున బండి తీసే ముందు కింద చుక్కలున్నాయేమో చూసి గేజి కడ్డీ ఇంకోసారి లాగి చూడండి, చక్రాలు విప్పి ఉంటే ఒక వంద కిలోమీటర్లు తిరిగాక నట్ల మీద టార్క్ రెంచి మళ్ళీ పెట్టండి.